చూసినవాళ్ళు, తెలిసినవాళ్ళు

నేను ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే లాయరుగా పనిచేసి రిటైరయ్యాను. పబ్లిక్ ప్రాసిక్యూటర్ అనే పొడుగు మాట మా హిందూపురంలో ఎవరికీ నోరు తిరగక అందరూ 'పీపీ' అనేవాళ్ళు. నాయన చింతపండు మండీలో ఒక ముసలి గుమాస్తా ఉండేవాడు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయనే ఆ మాటకు అర్థం విప్పాడు. "పీపీ అంటే ఏముండాది పాపా, తిరునాళ్ళలో అమ్మేదే గదా. ఒకరు ఊదల్ల, అది మోగల్ల." పోలీసులు ఊదింది మోగించడమే నా ఉద్యోగమని ఆయనకు మొదటే తెలిసిపోయింది. నాకు తెలియడానికి సర్వీసంతా పట్టింది.

అటువంటి పీపీని పట్టుకుని, యుద్ధం నడుస్తున్న ఒక దేశంలోని ప్రాసిక్యూటర్లకు పాఠాలు చెప్పమన్నారు. జాతి నిర్మూలన కేసును యుద్ధం మధ్యలోనే ఎలా దర్యాప్తు చెయ్యాలి, కోర్టులో ఎలా నిలబెట్టాలి అన్నది పాఠం. అడిగింది నా పాత జూనియర్. పెనుకొండ కోర్టులో నా ఫైళ్ళు మోసిన పిల్ల ఇప్పుడు ఇటువంటి శిక్షణలు నడిపే ఒక సంస్థలో పెద్ద పనిలో ఉంది.

"నాకు ఆ చట్టంలో ఒక సెక్షన్ కూడా సరిగా రాదే," అన్నాను ఫోనులో.

"చట్టం చెప్పేవాళ్ళు శానామంది దొరికినారు మేడం. ఓడిపోయిన కేసు గురించి చెప్పేవాళ్ళే దొరకల్యా."

"అట్లయితే వెతకబన్లేదు. సరైన మనిషికే చేసినావు."

మండీ ఇప్పుడు తమ్ముడిది. మేడమీద బిల్లులు కొట్టే కంప్యూటరున్న గది నాకు కావాలని అడిగితే, ఏం పాఠమక్కా అన్నాడు. జాతి నిర్మూలన అన్నాను. కాసేపు ఆలోచించి, "అంటే కులాలు పోవల్లనేదా? మంచిదే గదా," అన్నాడు. కులాలు పోయేది కాదురా, మనుషులు పోయేది అన్నాను. వాడు తక్కెడ వైపు చూస్తూ, "అది చేసేవాళ్ళకు ఎవురూ పాఠం చెప్పబన్లేదు గానీ, పట్టుకునేవాళ్ళకు మాత్రం ట్రైనింగు," అన్నాడు. తర్వాత ఆ విషయం మీద ఎన్ని తరగతులు నడిపినా అంతకంటే మంచి ఉపోద్ఘాతం నాకు దొరకలేదు.

తరగతి మధ్యాహ్నం పూట. వాళ్ళకప్పుడు ఉదయం. కింద ఆడవాళ్ళు చింతకాయలు కొట్టి గింజలు తీస్తుంటారు. ఆ సుత్తుల చప్పుడు వింటూ పుట్టినదాన్ని కాబట్టి నాకది వినబడదు. మొదటిరోజు మైకు పెట్టగానే తెరమీద గళ్ళలో ఉన్న ముఖాలన్నీ ఒక్కసారి పైకప్పు వైపు చూశాయి. ఒకాయన బల్ల అంచు పట్టుకున్నాడు. నా ఇంగ్లీషును వాళ్ళ భాషలోకి మార్చే దుబాసీ గొంతు తగ్గించి, "మేడం, మీ దగ్గర ఏం జరుగుతోంది? క్షేమంగా ఉన్నారా?" అని అడిగాడు. చింతపండు అన్నాను. చింతచెట్టు చూడని భాషలోకి ఆ మాటను మార్చడానికి ఆయన చాలా తంటాలు పడ్డాడు. మొత్తానికి వాళ్ళు నవ్వారు. వాళ్ళను నవ్వించినది ఆ ఒక్కసారే.

చంపడం కంటికి కనబడుతుందని, ఉద్దేశం కనబడదని మొదటి పాఠంలో చెప్పాను. శవానికి పోస్టుమార్టం ఉంది, ఉద్దేశానికి లేదు. ఎంతమందిని చంపినా అవి హత్యలే అవుతాయి. ఫలానా భాష మాట్లాడేవాళ్ళని, ఫలానా దేవుడికి మొక్కేవాళ్ళని, ఆ జాతే ఇక మిగలకూడదని చంపారని రుజువు చేస్తేనే అది జాతి నిర్మూలన. చెబుతుండగానే వాళ్ళ వైపు సైరన్ మోగింది. అందరూ కంప్యూటర్లు చంకలో పెట్టుకుని భూమి కిందికి, ఏదో గోడౌన్‌లాంటి గదిలోకి దిగి, మళ్ళీ కూర్చుని, పెన్నులు తీశారు. నా సర్వీసులో వాన పడితే కోర్టు వాయిదా వేసిన జడ్జిలను చూశాను.

వాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. అమ్మాయి అంటున్నాను గానీ నలభైకి దగ్గర పడింది. నా వయసుకు వచ్చాక యాభైలోపు వాళ్ళందరూ అమ్మాయిలే. మిగతావాళ్ళు పాఠానికి వచ్చారు, ఆమె మాత్రం కేసుతో వచ్చింది. ఆమె జిల్లాలోని ఒక చిన్న పట్టణంలోకి శత్రు సైనికులు వచ్చి, జనాన్ని బడిలోకి చేర్చి, ఆమె భాష మాట్లాడేవాళ్ళను వేరు చేసి, వెనక తోటలోకి తీసుకుపోయి కాల్చేశారు. తర్వాత ఆ పట్టణం మళ్ళీ వీళ్ళ చేతికొచ్చింది. ఆ సైనికుల కమాండరు ఇంకోచోట బందీగా దొరికాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

ఆమె పని ఆ కమాండరు మీద జాతి నిర్మూలన నేరం మోపి, దానిని కోర్టు విచారణకు తీసుకునేలా చెయ్యడం. తీసుకుంటే అతను విచారణ అయ్యేదాకా అక్కడే ఉంటాడు. తీసుకోకపోతే అందరిలాంటి యుద్ధ ఖైదీ. ఖైదీల మార్పిడిలో ఏదో ఒకరోజు బస్సెక్కి ఇంటికి పోతాడు. తర్వాతి మార్పిడి దగ్గర్లోనే ఉందని అందరూ అనుకుంటున్నారు.

సాక్షుల వాంగ్మూలాలు ఇంగ్లీషులోకి మార్పించి నాకు పంపింది. పేర్లు కొట్టేసి ఉన్నాయి. వరసగా చదివాను. ప్రతి వాంగ్మూలంలోనూ కమాండరు బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ప్రతి వాంగ్మూలంలోనూ కుడిచెయ్యి ఎత్తి తోట వైపు చూపించాడు. ముసలివాళ్ళు చూసిందీ, గుమ్మం దాటని బాలింత చూసిందీ, కిటికీ లేని గదిలో దాక్కున్నవాళ్ళు చూసిందీ అదే చెయ్యి.

ఆ చేతిని నేను ఎరుగుదును.

మా వైపు ఫ్యాక్షన్ ఊళ్ళలో హత్య జరిగితే ఫిర్యాదు వెంటనే రాయించరు. ముందు కూర్చుంటారు. శవాలు ఒకపక్క ఉండగానే పెద్దలు కూర్చుని ఎవరెవరి పేర్లు రాయించాలో తేలుస్తారు. చంపినవాళ్ళ పేర్లతో సరిపోదు. అవతలి పక్షంలో కేసు నడపగలిగినవాడు, బెయిలు తేగలిగినవాడు, చదువుకున్నవాడు, రేపోమాపో ఉద్యోగం రాబోయేవాడు, అందరూ ఎక్కుతారు. వాళ్ళంతా లోపలుంటే అవతల మడక పట్టి దున్నేవాడుండడు. అన్నిటికంటే పైన ఆ పక్షం నాయకుడి పేరు. ఆయన లేని ఫిర్యాదు పెండ్లికొడుకు లేని పెండ్లి.

నేను ఓడిపోయిన కేసుల్లో ఒకటి ధర్మవరంలో పుట్టి, పెనుకొండలో పెరిగి, హిందూపురంలో చచ్చింది. అంటే కోర్టులు మారింది. చెన్నేకొత్తపల్లి నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. సంతలో గొర్రెలమ్ముకుని తిరిగొస్తున్న అన్నదమ్ములను ఊరి బయట నీళ్ళు లేని వంకలో ఆపి నరికేశారు. అన్న భార్య కొంచెం వెనక నడిచి వస్తోంది. ఆమె చూసింది. ఆమె ఒక్కతే చూసింది. చార్జిషీటు నా బల్ల మీదికి వచ్చేసరికి చూసినవాళ్ళు బారులు తీరారు. అందరిదీ ఒకే మాట: అవతలి పక్షం పెద్దాయన గట్టు మీద నిలబడి, చెయ్యెత్తి, నరకండ్రా అని అరిచాడు.

ఆ పూట పెద్దాయన గుడిబండలో చుట్టాల పెండ్లిలో ఉన్నాడు. డిఫెన్సు లాయరు పెండ్లి వీడియో తెచ్చి కోర్టులో వేయించాడు. పెద్దాయన విస్తరి ముందు కూర్చుని ఓళిగ మీద ఇంకాస్త నెయ్యి వేయించుకుంటున్నాడు. అక్కడ కూడా చెయ్యెత్తాడు, చాలని. జడ్జిగారు వీడియో చివరిదాకా చూశారు. నేనూ చూశాను. వంటలు బాగానే కుదిరినట్టున్నాయి.

ఒక మనిషి విషయంలో ఇంతమంది అబద్ధం చెప్పాక మిగతావాళ్ళ విషయంలో వీళ్ళను ఎట్లా నమ్మేది అన్నాడు డిఫెన్సు లాయరు. చింతపండు మండీలో పెరిగినదాన్ని, పాలకుండలో పులుపు చుక్క పడితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. అందరూ విడుదలయ్యారు, నరికినవాళ్ళతో సహా. అసలు విషయమేమంటే నరకమన్నది పెద్దాయనే. ముందురోజు చెప్పి పెండ్లికి పోయాడు. పెండ్లికి పోయిందే అందుకు. అది ఊరందరికీ తెలుసు. కోర్టుకు తప్ప.

ఇదంతా తరగతిలో చెప్పాను. ఆ అమ్మాయి కెమెరాలోకి సూటిగా చూసింది.

"మావాళ్ళు అబద్ధం చెప్పరు," అంది.

"మావాళ్ళూ అబద్ధమని అనుకోలేదమ్మా."

"అక్కడ మిగిలినవాళ్ళు నెలల తరబడి ఒకే నేలమాళిగలో బతికారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎలా ఉంటారు?"

"ఉండరు. తప్పు పట్టడం లేదు. కానీ అతను గేటు దగ్గర ఉండనక్కర లేదు. ఎవరిని వేరు చెయ్యాలో, ఏం చెయ్యాలో ఎక్కడి నుంచో ఆజ్ఞ ఇచ్చాడని తేలితే చాలు. లేని గేటు దగ్గర నిలబెడితే, ఏదో ఒకరోజు అతను ఇంకెక్కడో భోంచేస్తున్న ఫోటో బయటికొస్తుంది."

"ఆ ఫోటో రావడానికి ఏళ్ళు పడుతుంది," అంది ఆమె. "మార్పిడి రేపు రావచ్చు. వీటితో ఫైల్ చేస్తే కోర్టు తీసుకుంటుంది. అతను ఆగిపోతాడు."

దుబాసీ గొంతు ఎప్పుడూ ఒకే తీరున ఉండేది. ఆ మాట దగ్గర మాత్రం కొంచెం తడబడింది. నేను నీళ్ళు తాగాను. టీచర్లకు, లాయర్లకు నీళ్ళగ్లాసు ఉన్నది ఇటువంటప్పటికే.

ఆమే మళ్ళీ అడిగింది. "ఆ గొర్రెలవాళ్ళ ఆమెను మీరు ఎప్పుడైనా అడిగారా? లేనివాణ్ణి చూశానని ఎందుకు చెప్పావని?"

అడగలేదు. సాక్షిని కోర్టులో ప్రశ్నలడగడం నా వృత్తి. కోర్టు బయట ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సర్వీసు ముగించాను.

"అడగండి," అంది. "మావాళ్ళను ఎలా అడగాలో నాకు తెలియడం లేదు."

ఆ మరుసటి రోజే బస్సెక్కాను. పెనుకొండ దాటి, కార్ల ఫ్యాక్టరీ దాటి, చెన్నేకొత్తపల్లి క్రాసులో దిగాను. ఆటో కోసం చూస్తూ రోడ్డుపక్క హోటల్లో టీ తాగాను. హోటలాయన తువ్వాలుతో బెంచీ తుడిచి, "బాగుండారా మేడం? శానా దినాలకు," అన్నాడు. మర్యాదస్తుడు. నేను నడిపిన ఏదో కేసులో ఫిర్యాదుదారు అయి ఉంటాడనుకున్నాను. బాగున్నానప్పా అన్నాను.

ఆటోలో ఊరు చేరేసరికి ఆ సాక్షి తన ఇంటి ముందు గొర్రెల దొడ్డి దగ్గర కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి లేవబోయి, మళ్ళీ మనసు మార్చుకుని కూర్చుండిపోయింది.

"ఏం లాయరమ్మా, కేసు తిరగదోడ్తాండారా?"

"లేదక్కా. నేను రిటైరయినా."

"అట్లనా. నీకు రిటైరుండాది. చచ్చినోళ్ళకు గూడా ఉండాది. నాకే ల్యా." చేటలోంచి ఒక గుప్పెడు గింజలు తీసి నా చేతిలో పెట్టింది. "తిను. ఇంతదూరం వచ్చినావు."

ఎందుకొచ్చానో చెప్పాను. దేశం పేరు చెప్పినా ఆమెకు తెలియలేదు. టీవీలో బిల్డింగులు కూలేది చూపిస్తాంటారే అదేనా అంది. అదేనన్నాను.

"యాడో యుద్ధం జరుగుతాంటే దానికి నా దగ్గరికెందుకమ్మా?"

"ఆడ గూడా మన మాదిరే చెప్పినారక్కా. పెద్దోడు ఆడ్నే నిలబడి చెయ్యెత్తినాడని. అందరూ అదే మాట."

"ఎంతమంది పాయిరి?"

"సగం ఊరు."

ఆమె చేతులు ఆగాయి. "సగం ఊరు పోతే మిగతా సగం చెప్పకుండా ఎట్లుంటారమ్మా? మా ఇంట్లో ఇద్దరు పోతేనే ఊరంతా చెప్పె."

"అదే అడగడానికొచ్చినా. ఆ దినం పెద్దాయన వంకలో లేడు గదా. నువ్వు చూసినానని ఎందుకంటివి?"

తిడుతుందనుకున్నాను. ఆమె నా వైపు చూసిన చూపు తిట్టు కంటే కష్టంగా ఉంది. పరీక్షలో తప్పిన పిల్లను చూసే చూపు.

"నీకు తెల్దా? ఆయప్ప చెప్పకుంటే ఆ పక్షంలో కోడిని గూడా కొయ్యరు. చెప్పి పొయినాడని నాకు తెల్సు, ఊరికి తెల్సు, రాసుకున్న ఎస్సైకి గూడా తెల్సు. నేను మొదట అదే చెప్తిని. 'ఆయప్పే చేయించినాడు సార్, నాకు తెల్సు' అంటిని. ఎస్సై పెన్ను కింద పెట్టె. 'తెల్సంటే కాదమ్మా, చూసినావా' అనె. చూడలేదంటే రాసుకోనంటాండాడు. మా మామ ఎనకనించి గిల్లె. చూసినానంటి. అప్పుడు పెన్ను పట్టుకునె."

ఒక కాయ చిట్లించి, పొట్టు ఊదేసి, మళ్ళీ అంది.

"నా మొగుణ్ణి నరికినోళ్ళు ఇద్దరు. మొకాలు చూసినా. ఆ రెండు పేర్లూ చెప్తిని గదా. అవి నిజం గదా. మీ కోర్టులో నిజం గూడా అబద్ధంతో పాటే కొట్టుకపాయె. వాళ్ళలో ఒగడు క్రాసులో హోటలు పెట్టినాడు. బస్సు దిగినావే, ఎదురుగానే."

నోట్లో వేరుశెనగ గింజ అట్లాగే ఉండిపోయింది. "ఆయన చేతి టీ తాగొచ్చినా," అన్నాను.

"బాగా చేస్తాడంట," అంది ఆమె. "పోయినేడు వాళ్ళ కూతురి పెండ్లికి పిలిచిరి. పోయొచ్చినా. పోకుంటే మా వాళ్ళ గొర్రెలు ఆ దావలో పోయేకి లేదు."

బయల్దేరుతుంటే వెనకనుంచి, "ఆ యమ్మికి చెప్పు," అంది. "అడిగేటప్పుడు పెన్ను కింద పెట్టొద్దని."

తిరిగి ఆ క్రాసుకు పోవడానికి మనసొప్పలేదు. ఆటోను ధర్మవరం వైపు తిప్పమన్నాను. అక్కడ హిందూపురం రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే ఆ అమ్మాయి నుంచి ఫోన్ వచ్చింది, దుబాసీని కూడా లైన్లో పెట్టుకుని. పక్కన పట్టుచీరల మూటల మీద నిద్రపోతున్న వ్యాపారి, పైన మూడు భాషల్లో రైళ్ళ ప్రకటనలు. ప్రకటన వచ్చినప్పుడల్లా నేను ఆగేదాన్ని. "మేడం, అది కూడా అనువదించాలా?" అని దుబాసీ ఒకసారి చాలా గంభీరంగా అడిగాడు. అక్కర్లేదు, ఆ రైలు కూడా రాదు అన్నాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. 'చూశావా' అని మొదలుపెట్టొద్దు అన్నాను. ఏం తెలుసో చెప్పమను. తెలుసని చెప్పినదాన్ని తెలుసనే రాయి, అది కోర్టులో పనికి రాకపోయినా. ఆ తర్వాత ఎలా తెలిసిందో అడుగు. ఎవరు చెప్పారు, ఎక్కడ విన్నారు, ఆ చెప్పినవాళ్ళకు ఎలా తెలుసు. వాళ్ళు చెబుతున్నంతసేపూ రాస్తూనే ఉండు. ఆ దారిన పోతే ఎక్కడో ఒకచోట నిజంగా చూసినవాళ్ళో, విన్నవాళ్ళో తగులుతారు. తగలకపోతే లేరనుకోవాలి.

"దీనికి టైం పడుతుంది," అంది.

"పడుతుంది."

"మీరు చెయ్యమంటున్నారా?"

పీపీగా ఉన్నంత కాలం నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. చెయ్యమన్నాను. ఎంత సులువుగా అన్నానో. రైలు వచ్చింది, ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

ఆమె వాంగ్మూలాలు ఫైల్ చెయ్యకుండా ఆపి, ఆ పట్టణానికి మళ్ళీ పోయింది. తరగతిలో ప్రతిసారీ కొంత చెప్పేది. సాక్షుల్లో ఒకామె ఆమెకు చిన్నప్పుడు చదువు చెప్పిన టీచరంట. కమాండరును చూశారా, తెలుసా అని అడిగితే ఆ టీచరు, "నేను నీకు అబద్ధాలు నేర్పానా?" అని లేచిపోయిందట. కొందరు తలుపు తియ్యలేదు. శత్రువుల తరఫున మాట్లాడుతోందని అన్నారు. ఆమె అవన్నీ తల వంచుకుని చెప్పేది. నేను చెప్పిన పాఠం మూలంగా ఆమెను సొంత మనుషులు తిడుతుంటే, నేను చింతపండు వాసనలో ఫ్యాను కింద కూర్చుని, పద్ధతి సరిగ్గానే ఉందమ్మా అనేదాన్ని.

పద్ధతి సరిగ్గానే ఉంది కూడా. గేటు దగ్గర నిలబడ్డ కమాండరు ఒక్కో వాంగ్మూలం నుంచీ తప్పుకున్నాడు. ఎవరికి ఎలా తెలిసిందని అడుగుతూ పోతే అందరి దారులూ ఒక మనిషి దగ్గరికి చేరాయి. సైనికులు అతని చేత నీళ్ళు మోయించుకున్నారు. బడి వరండాలో నీళ్ళ డబ్బా దించుతుండగా రేడియోలో ఒక గొంతు విన్నాడు. ఎవరిని వేరు చెయ్యాలో, వాళ్ళలో ఒక్కరు కూడా మిగలకూడదని చెప్పిన గొంతు. ఆ మాట విని భోజనం చేస్తున్న సైనికులు లేచారు. తర్వాత నేలమాళిగలో అతను అది అందరికీ చెప్పాడు. విన్నవాళ్ళకు ఆ గొంతు మనిషయింది, మనిషికి చెయ్యి వచ్చింది, చెయ్యి గేటు దగ్గరికి పోయింది. టీచరమ్మ కూడా తాను చూడలేదని, విన్నానని చివరికి చెప్పిందట, ఏడుస్తూ. తోటలోకి తీసుకుపోయి కాల్చినవాళ్ళ ముఖాలు నిజంగా చూసినవాళ్ళు కూడా ఇద్దరు దొరికారు.

రేడియోలోని ఆ గొంతు జైల్లో ఉన్న కమాండరుదే అని తేల్చాలి. ఆమె దేశపు సైన్యం దగ్గర శత్రు రేడియో రికార్డింగులున్నాయి. యుద్ధం నడుస్తుండగా ఇవ్వం అన్నారు. ఆమె మళ్ళీ అడిగింది. పై అధికారితో అడిగించింది. పరిశీలిస్తున్నాం అని జవాబు. ఆ జవాబు ఏ భాషలో ఉన్నా నేను గుర్తుపట్టగలను. చేతిలో ఉన్నంతవరకు పెట్టి ఫైల్ చేసింది. ఆజ్ఞ ఇచ్చింది ఇతనే అనడానికి ఆధారం చాలదని, రికార్డింగు వచ్చాక మళ్ళీ రమ్మని కోర్టు తిప్పి పంపింది. ఆ ఉత్తర్వు ఇంగ్లీషు ప్రతి నాకు పంపింది. జడ్జి సాక్షులను మెచ్చుకుని రాశాడు. ఇంత నిజాయితీగా తీసిన వాంగ్మూలాలు అరుదని రాశాడు. నా సర్వీసులో నేను పంపిన సాక్షులను ఏ జడ్జీ అలా మెచ్చుకోలేదు.

మార్పిడి ఆ వారంలోనే జరిగింది. ఫోటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. బస్సు మెట్ల మీద జెండాలు కప్పుకున్న మనుషులు. ఆమె ఒక ముఖం చుట్టూ గీత గీసి నాకు పంపింది, కింద ఏమీ రాయకుండా. నెరిసిన గడ్డం, కాస్త అలసట, చేతిలో తినడానికి ఇచ్చిన పొట్లం. మా పెద్దాయనలాగే ఎవరికో చాలని చెయ్యి ఎత్తినట్టుంది. ఆ ఫోటో తమ్ముడికి చూపించాను. "ఎవరక్కా, పెండ్లికి పోతాండాడా?" అన్నాడు. లేదురా, పెండ్లి అయిపోయింది అన్నాను.

తర్వాతి తరగతికి ఆమె రాదనుకున్నాను. వచ్చింది. కెమెరా ఆన్ చేసి కూర్చుంది. ఆరోజు పాఠం నేను తయారుచేసుకోలేదు. ఎవరైనా ప్రశ్నలడగండి అన్నాను. ఎవరూ అడగలేదు. అందరూ ఆమె గడి వైపు చూస్తున్నారని, ఎవరి తెరలో ఎవరు ఎక్కడున్నారో తెలియకపోయినా, నాకు తెలిసింది.

ఆమె చెయ్యి ఎత్తింది.

"మొదటి వాంగ్మూలాలతోనే ఫైల్ చేసి ఉంటే, అతను ఈరోజు ఇక్కడ ఉండేవాడా?"

జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి. ఇప్పుడు ఉన్నా రేపు నిలబడదు అనొచ్చు. అతను ఇంకెక్కడో ఉన్నట్టు ఫోటో బయటికొచ్చిన రోజున కేసంతా పోయి, కాల్చినవాళ్ళు కూడా దాంతోపాటు తప్పించుకుపోతారు, టీచరమ్మను అబద్ధాలకోరంటారు అనొచ్చు. గొంతు రికార్డింగు ఎప్పటికైనా వస్తుంది, అతను లేకపోయినా విచారణ జరగొచ్చు అనొచ్చు. అవన్నీ నిజాలే. కానీ ఆమె అవి అడగలేదు. అడిగినదానికి మాత్రమే సాక్షి జవాబివ్వాలని నేనే వాళ్ళకు రెండో పాఠంలో చెప్పాను.

"ఉండేవాడు," అన్నాను.

దుబాసీ వెంటనే అనువదించలేదు. నా వైపు లైన్లో ఇంగ్లీషులో, "మేడం, ఇంకేమైనా చేర్చమంటారా?" అని అడిగాడు.

"వద్దు. అన్నంతే చెప్పండి."

చెప్పాడు. ఆ ఒక్క మాట వాళ్ళ భాషలో కూడా పొట్టిదే. ఆమె తల ఊపింది. కిందికి చూసి ఏదో రాసుకుంది, చాలాసేపు. అందరం ఆగాం. తర్వాత ఇంకో పట్టణం నుంచి, ఇంకో కేసులో, కొత్తగా తెచ్చిన వాంగ్మూలాన్ని పైకి చదవడం మొదలుపెట్టింది. నేను గేటు కోసం వింటూ కూర్చున్నాను. అందులో గేటు లేదు. కమాండరూ లేడు. తనకు తెలియనివి తెలియవని చెప్పిన ఒక మనిషి ఉన్నాడు, అతను చూసిన ఒక బూటు ఉంది.